హక్కులేని వాడుక: ఫ్రాన్సిస్కన్ సోదరుల పేదరిక వివాదం

పదమూడో శతాబ్దానికి ముందు పశ్చిమ ఐరోపాలో ఒక క్రైస్తవుడు సన్యసించి ఆస్తిని వదులుకుంటే, ఆ ఆస్తి చాలావరకు అతడు చేరిన మఠానికే వెళ్లేది. ఆరో శతాబ్దంలో నూర్సియా బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి ప్రకారం సన్యాసికి సొంతమంటూ ఏదీ ఉండకూడదు. పుస్తకమైనా, రాత పలకైనా, చివరికి కలమైనా మఠాధిపతి ఇస్తేనే వాడుకోవాలి. మఠానికి మాత్రం పొలాలు, ద్రాక్షతోటలు, పిండిమరలు, ఒక్కోచోట ఊళ్లకు ఊళ్లే ఉండేవి. యెరూషలేములోని తొలి విశ్వాసులు తమకు కలిగినదంతా ఉమ్మడిగా ఉంచుకున్నారని అపొస్తలుల కార్యములలో ఉన్న వర్ణన దీనికి ఆధారం. క్లూనీ వంటి మఠాలు పెద్ద ప్రభువులకు దీటుగా ఎదిగాయి. సన్యాసి పేదవాడే, కాని అతడు ఉండేది సంపన్న గృహంలో.

అస్సీసి ఫ్రాన్సిస్ మొదలుపెట్టిన సోదర సభ ఈ ఏర్పాటును కాదంది. ఒక్కొక్క సోదరుడికే కాదు, మొత్తం సభకు కూడా ఆస్తి ఉండరాదంది. అంతటితో ఆగలేదు. తాము కట్టుకున్న బట్ట మీద, తినే రొట్టె మీద కూడా తమకు చట్టపరమైన హక్కు లేదనీ, ఎవరైనా వాటిని లాక్కుంటే న్యాయస్థానానికి వెళ్లే అధికారం తమకు అక్కర్లేదనీ చెప్పింది. చట్టం నీడలో బతికే మనిషి ఏ హక్కూ లేకుండా బతకగలడా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. దాని మీద నూరేళ్లకు పైగా పోపులు, న్యాయవేత్తలు, వేదాంతులు తలపడ్డారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఈ ఆశయానికి మూలాలు బైబిలులోనే ఉన్నాయి. పరిపూర్ణుడివి కావాలంటే నీ ఆస్తిని అమ్మి బీదలకు ఇవ్వమని యేసు ధనవంతుడైన యువకుడితో అన్నాడు. బంగారం, వెండి, ప్రయాణపు సంచి, రెండో అంగీ లేకుండా వెళ్లమని శిష్యులను పంపాడు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, సువార్త ప్రకటించేవాడిగా సంఘం తనను పోషించవలసిన హక్కు ఉందని గట్టిగా వాదించి, ఆ హక్కును తాను వాడుకోలేదని చెబుతాడు. డేరాలు కుట్టి తన తిండి తానే సంపాదించుకున్నాడు. అయితే పౌలు హక్కును చేతిలో ఉంచుకుని వాడకుండా వదిలాడు. ఫ్రాన్సిస్ కోరినది వేరు: హక్కే ఉండకూడదు.

ఫ్రాన్సిస్ 1181లో గాని 1182లో గాని మధ్య ఇటలీలోని అస్సీసి పట్టణంలో పుట్టాడు. తండ్రి పియెత్రో ది బెర్నార్దోనే బట్టల వర్తకుడు. ఇటలీ పట్టణాల్లో అప్పుడప్పుడే నాణేల వ్యాపారం బలపడుతోంది. డబ్బున్న వర్తకులకూ పాత కులీనులకూ మధ్య అధికారం కోసం పోరు సాగుతోంది. ఫ్రాన్సిస్ 1202లో పొరుగు పట్టణం పెరూజియాతో జరిగిన యుద్ధానికి వెళ్లి పట్టుబడి, సుమారు ఏడాది ఖైదులో ఉన్నాడు. ఆ తర్వాత అతని తీరు మారింది. తండ్రి దుకాణంలోని ఖరీదైన బట్టలను, తానెక్కి వెళ్లిన గుర్రాన్ని ఫోలిన్యో సంతలో అమ్మి, శిథిలమైన సాన్ దమియానో గుడిని బాగుచేయడానికి ఆ డబ్బును అక్కడి గురువుకు ఇవ్వబోయాడు. గురువు భయపడి తీసుకోలేదు. తండ్రి పట్టణ అధికారుల దగ్గర ఫిర్యాదు చేశాడు. తాను దేవుని సేవకుడిననీ, వారి విచారణ పరిధిలోకి రాననీ ఫ్రాన్సిస్ అన్నాడు. వ్యవహారం బిషప్ గ్విదో ఎదుటికి వచ్చింది. 1206 తొలినాళ్లలో జరిగిన ఆ విచారణలో ఫ్రాన్సిస్ డబ్బుతోపాటు ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రి ముందు పెట్టాడు. ఇకపై తనకు పరలోకంలోని తండ్రి ఒక్కడేనన్నాడు. ఈ ఘట్టాన్ని చిత్రకారులు వందలసార్లు గీశారు. అయితే న్యాయం దృష్టిలో అది ముందుగా వారసత్వ హక్కును వదులుకోవడం. తండ్రి కోరి వచ్చింది కూడా అదే. కొడుకు అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చాడు.

రెండు మూడేళ్లలో అతని చుట్టూ మనుషులు చేరారు. మొదట వచ్చినవారిలో ఒకడైన క్వింతవాల్లే బెర్నార్డ్ తన ఆస్తినంతా అమ్మి పేదలకు పంచాడు. మఠంలో చేరేవాడి ఆస్తి మఠానికి చెందే పాత పద్ధతి ఇక్కడే తెగిపోయింది. 1209లో మూడవ ఇన్నోసెంట్ పోపు వారి జీవన విధానానికి నోటిమాటగా సమ్మతి తెలిపాడు. 1223 నవంబరు 29న మూడవ హొనోరియస్ పోపు ఆమోదించిన నియమావళి సభకు శాసనమైంది. అందులో రెండు ఆజ్ఞలు తర్వాతి వివాదాలన్నిటికీ కేంద్రాలు. సోదరులు నాణేలను గాని డబ్బును గాని తామూ తీసుకోరాదు, మరొకరి ద్వారానూ తీసుకోరాదు. ఇల్లు గాని, స్థలం గాని, మరే వస్తువు గాని తమదిగా చేసుకోరాదు. కూలి చేసుకోవచ్చు, కూలికి బదులు అవసరమైన వస్తువులు తీసుకోవచ్చు, అవి చాలకపోతే ఇంటింటికీ వెళ్లి భిక్ష అడగవచ్చు.

ఫ్రాన్సిస్ బతికి ఉండగానే ఈ నియమం ఆచరణలో ఎలాంటి చిక్కులు తెచ్చిందో సభలో చెప్పుకున్న కథనాలు చూపిస్తాయి. అస్సీసి దిగువనున్న పోర్త్యుంకుల గుడి బెనెడిక్టైన్ సన్యాసులది. అక్కడ ఉండనిచ్చినందుకు ఫ్రాన్సిస్ ఏటా ఒక బుట్టెడు చేపలు వారికి పంపేవాడట. ఆ స్థలం తమది కాదని సోదరులు మరచిపోకూడదని అతని ఉద్దేశం. బొలోన్యా నగరంలో ఒక ఇంటిని జనం సోదరుల ఇల్లు అంటున్నారని విని, జబ్బుపడ్డవారితో సహా అందరినీ బయటికి రమ్మన్నాడు. ఆ ఇల్లు తనదని కార్డినల్ ఉగోలీనో బహిరంగంగా ప్రకటించాకే సోదరులు మళ్లీ లోపలికి వెళ్లారు. తర్వాతి శతాబ్దపు వివాదమంతా ఈ చిన్న సంఘటనలో ముందే ఉంది. సోదరులు ఆ ఇంట్లో ఉండాలంటే అది ఇంకొకరిది కావాలి. ఒకరు వద్దన్న హక్కును మరొకరు పట్టుకుని నిలబడాలి.

ఈ పేదరికాన్ని అందరికంటే నిక్కచ్చిగా కోరింది అస్సీసి క్లారా. కులీన కుటుంబంలో పుట్టిన ఆమె 1212లో మట్టల ఆదివారం రాత్రి ఇల్లు విడిచి పోర్త్యుంకులకు వచ్చి ఫ్రాన్సిస్ చేతుల మీదుగా సన్యసించింది. తర్వాత సాన్ దమియానోలో సోదరీమణులతో స్థిరపడింది. ఆడవారు ఊరూరా తిరిగి భిక్షమెత్తడం ఆనాడు ఊహకందని విషయం. నాలుగు గోడల మధ్య ఉండే స్త్రీలు భూములు, రాబడి లేకుండా ఎలా బతుకుతారన్నది సంఘాధికారుల దిగులు. అప్పటికి తొమ్మిదవ గ్రెగరీగా పోపు అయిన ఉగోలీనో ఆస్తులు తీసుకోమని స్వయంగా నచ్చజెప్పినా ఆమె ఒప్పుకోలేదు. 1228 సెప్టెంబరు 17న ఆయన ఆమెకు ఒక పత్రం ఇచ్చాడు. ఆస్తులు తీసుకోవాలని సాన్ దమియానో సోదరీమణులను ఎవరూ ఒత్తిడి చేయరాదని అందులో ఉంది. మఠాలు పోపు దగ్గర రాయించుకున్న ప్రత్యేకాధికారాలు మామూలుగా పన్నుల మినహాయింపులు, భూముల రక్షణ వంటివి. ఏమీ లేకుండా ఉండే అధికారాన్ని కోరి రాయించుకోవడం దాదాపు విననిది.

క్లారా అక్కడితో తృప్తిపడలేదు. తన సోదరీమణుల కోసం తానే నియమావళి రాసింది. అందులో పేదరికం గురించిన అధ్యాయం మధ్యన గుండెకాయలా ఉంటుంది. నాల్గవ ఇన్నోసెంట్ పోపు దానిని 1253 ఆగస్టు 9న ఆమోదించాడు. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 11న ఆమె చనిపోయింది. ఒక స్త్రీ రాసిన మఠ నియమావళికి పోపు ఆమోదం దొరకడం అదే మొదటిసారి అంటారు. ఆ మూల పత్రం 1893లో అస్సీసిలో ఆమె వస్త్రాల మధ్య దొరికింది. ఆమె పోయిన పదేళ్లకే, 1263లో నాల్గవ ఉర్బన్ పోపు ఆస్తిని అనుమతిస్తూ ఇచ్చిన మరో నియమావళిని ఆ సభలోని చాలా మఠాలు స్వీకరించాయి. క్లారా పట్టుదలలోని బలం ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆమె లేకపోతే ఆ పేదరికం సంఘాధికారుల జాలి ముందు ఒక తరం కూడా నిలిచేది కాదు.

మగవారి సభలో చిక్కు మరో రకంగా పెరిగింది. 1226 అక్టోబరు 3న ఫ్రాన్సిస్ మరణించాడు. చనిపోయే ముందు చెప్పి రాయించిన వీలునామాలో, నియమావళికి వ్యాఖ్యానాలు చేయవద్దనీ, పోపు దగ్గర ఎలాంటి ప్రత్యేక పత్రాలూ అడగవద్దనీ సోదరులను ఆజ్ఞాపించాడు. రెండేళ్లలో అతన్ని పునీతుడిగా ప్రకటించారు. అతని సమాధి మీద అస్సీసిలో పెద్ద బసిలికా లేచింది. దాని స్థలాన్ని పోపు పేరున రాయించుకున్నారు. సోదరులు వేలల్లోకి పెరిగారు. పారిస్, ఆక్స్‌ఫర్డ్, బొలోన్యా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు, బోధిస్తున్నారు. చదువుకు పుస్తకాలు కావాలి, పుస్తకాలకు గది కావాలి, గదికి కప్పు కావాలి. ఇదంతా దురాశ అనడం న్యాయం కాదు. బోధన, పాపసంకీర్తనం వినడం, రోగుల సేవ వంటి పనులను సంఘమే వారి మీద పెట్టింది.

1230లో సోదరులు పాదువా అంతోనితో సహా కొందరు ప్రతినిధులను తొమ్మిదవ గ్రెగరీ దగ్గరికి పంపి సందేహాలు తీర్చమన్నారు. ఆయన సెప్టెంబరు 28న 'క్వో ఎలొంగాతి' అన్న శాసనంతో జవాబిచ్చాడు. ఫ్రాన్సిస్ వీలునామా సభను చట్టపరంగా కట్టివేయదని అందులో తేల్చాడు. సోదరులకు వ్యక్తిగతంగా గాని ఉమ్మడిగా గాని ఆస్తి లేదు, వాడుక మాత్రమే ఉంది. డబ్బు సంగతికి ఒక ఉపాయం చెప్పాడు. దాత తరఫు మనిషి డబ్బుతో సోదరులకు కావలసింది కొనిపెట్టవచ్చు. మిగిలిన సొమ్మును నమ్మకమైన మిత్రుడి దగ్గర దాచవచ్చు. ఖర్చయ్యేదాకా ఆ డబ్బు దాతదే, సోదరులది కాదు. 1245 నవంబరు 14న నాల్గవ ఇన్నోసెంట్ తన 'ఓర్దినెం వెస్త్రుం' శాసనంలో ఇంకో అడుగు వేశాడు. దాత తన హక్కును అట్టిపెట్టుకోకపోతే, సోదరులు వాడే ఇళ్లు, వస్తువులు అన్నీ రోము పీఠానికి చెందుతాయన్నాడు. అవసరానికే కాక సౌకర్యానికి కూడా డబ్బు దాచే మిత్రుల సాయం తీసుకోవచ్చన్నాడు. ఆ సడలింపులను సభ సర్వసమావేశాలే వద్దని పక్కన పెట్టాయి. పోపు ఇస్తానన్న వెసులుబాటును సోదరులే తిరస్కరించిన ఈ సంగతిని చరిత్రలో తక్కువగా చెబుతారు, కాని అది సభకు గొప్ప గౌరవం.

బొలోన్యా ఇంటి సంగతిలో ఉగోలీనో చేసిన పనినే ఇప్పుడు పోపు ఐరోపా అంతటికీ చేస్తున్నాడు. సోదరులు వదిలినదంతా పోపు ఖాతాలో పడుతోంది. ఇది కొందరికి నచ్చలేదు. పారిస్ విశ్వవిద్యాలయంలోని ఇతర గురువులకు భిక్షుక సభల మీద అప్పటికే కోపం ఉంది. 1250ల మధ్యలో సేంతామూర్ గియోం వారిమీద ఘాటైన గ్రంథం రాశాడు. ఒళ్లు బాగున్నవాడు భిక్షమెత్తడం తప్పన్నాడు. తర్వాత అబ్‌విల్ జెరార్ మరో ప్రశ్న వేశాడు: తిని అరగించిన రొట్టెకు యజమాని మరొకడెలా అవుతాడు? 1257 నుంచి సభకు నాయకుడైన బొనవెంచర్ 1269లో 'అపొలోజియా పౌపెరుం' అనే గ్రంథంతో సమాధానమిచ్చాడు. ఆస్తి, స్వాధీనం, ఫలభోగం, కేవల వాడుక అని నాలుగు సంబంధాలను ఆయన వేరుచేశాడు. మొదటి మూడింటిని మనిషి వదులుకోగలడు. నాలుగోది లేకుండా బతకలేడు కనుక దాన్ని వదులుకోవడం కుదరదు. రోమన్ చట్టంలో తండ్రి అధికారం కింద ఉన్న కొడుకు సొత్తును వాడుకుంటాడు గాని యజమాని కాలేడు. సోదరులు పోపుకు అటువంటి కొడుకులు.

ఈ వాదనకు చట్టం హోదా ఇచ్చినవాడు మూడవ నికోలస్ పోపు. అంతకుముందు ఆయన ఫ్రాన్సిస్కన్ సభకు సంరక్షక కార్డినల్‌గా ఉన్నాడు. 1279 ఆగస్టు 14న వెలువడిన 'ఎక్సీత్ క్వి సెమినాత్' శాసనం బొనవెంచర్ చెప్పిన నాలుగింటిని ఐదు చేసింది. వాడుకునే హక్కు వేరు, కేవలం వాడడం అనే పని వేరు అంది. సోదరులకు ఆ హక్కు కూడా లేదు. వారికున్నది తినడం, కట్టుకోవడం, నివసించడం అనే పనులే. క్రీస్తు మాటతోనూ ఆచరణతోనూ నేర్పిన మార్గం ఇదేనని కూడా శాసనం ప్రకటించింది. దీనికి ఎవరూ వ్యాఖ్యానాలు రాయరాదనీ, రాస్తే సంఘ బహిష్కారమనీ హెచ్చరించింది. పేదరికం ఇంత నిశితంగా చట్టం భాషలో నిర్వచితమైన సందర్భం క్రైస్తవ చరిత్రలో మరొకటి లేదు.

చట్టం భాష ఎంత స్వచ్ఛంగా ఉన్నా మఠాల వంటగదుల్లో, నేలమాళిగల్లో పరిస్థితి వేరు. పోపు ఆస్తి అన్న పేరుతో గిడ్డంగుల నిండా ధాన్యం, సారాయి గదుల నిండా ద్రాక్షసారాయి నిల్వచేసిన మఠాలు ఉన్నాయి. హక్కు లేకపోవడమే పేదరికమా, తక్కువతో బతకడం కూడా అందులో భాగమా? దక్షిణ ఫ్రాన్సుకు చెందిన పియెర్ జాన్ ఒలీవి రెండోదే సరైనదన్నాడు. పొదుపైన వాడుక కూడా ప్రమాణంలో భాగమేనని వాదించాడు. హక్కు వదిలేసి సుఖంగా తినేవాడి పేదరికం మాటల్లోదే అవుతుందని అతని అభిప్రాయం. ఇందులో అతని పక్షమే బలమైనదని ఒప్పుకోక తప్పదు. 1298లో నార్బొన్‌లో అతడు మరణించాక సామాన్యులు అతని సమాధికి యాత్రలు చేశారు. అతని దారిలో నడిచినవారికి ఆత్మీయులు అని పేరు. ఇటలీలో కసాలే ఉబెర్తీనో, ఆంజెలో క్లారేనో వారికి పెద్దలు. 1312లో వియెన్ సర్వసభ సందర్భంగా ఐదవ క్లెమెంట్ పోపు 'ఎక్సీవి దె పరదీసో' శాసనంతో రెండు పక్షాలకూ మధ్యమార్గం చూపాలనుకున్నాడు. ఆయన పోగానే అది చెదిరింది.

1316లో పోపు అయిన ఇరవై రెండవ జాన్ కహోర్‌కు చెందిన న్యాయవేత్త. అవిన్యోన్ నుంచి పాలించాడు. 1317 అక్టోబరు 7న ఇచ్చిన శాసనంలో, సోదరుల బట్టలు ఎంత పొట్టిగా ఉండాలి, ధాన్యం నిల్వచేయవచ్చా అన్నవి పైఅధికారులే నిర్ణయిస్తారన్నాడు. పేదరికం గొప్పదే, దానికంటే బ్రహ్మచర్యం, అన్నిటికంటే విధేయత గొప్పవన్నాడు. లొంగనివారిని విచారణాధికారులకు అప్పగించాడు. 1318 మే 7న మార్సెయి నగరంలో నలుగురు సోదరులను సజీవ దహనం చేశారు. వారి నేరం పొట్టి అంగీలు విడవకపోవడం, గిడ్డంగులను ఒప్పుకోకపోవడం, ఈ విషయాల్లో పోపుకు అధికారం లేదనడం. ఒలీవి సమాధిని కూడా ధ్వంసం చేశారు. అప్పటి సభ నాయకుడు చెజేనా మికేలే ఈ అణచివేతలో పోపు పక్షాన నిలిచాడు.

మూడేళ్లకే మంట మికేలేను కూడా తాకింది. 1321లో నార్బొన్‌లో ఒక విచారణ సందర్భంగా, క్రీస్తుకూ అపొస్తలులకూ వ్యక్తిగతంగా గాని ఉమ్మడిగా గాని ఏ ఆస్తీ లేదన్న మాట మతవిరుద్ధమని డొమినికన్ విచారణాధికారి అన్నాడు. ఫ్రాన్సిస్కన్ పండితుడు బెరెంగార్ తలోన్ అది 'ఎక్సీత్' చెప్పిన మాటేనని అడ్డు తగిలాడు. వివాదం అవిన్యోన్‌కు చేరింది. 1322 మార్చిలో పోపు వ్యాఖ్యానాల మీది నిషేధాన్ని ఎత్తేసి, పండితులందరి అభిప్రాయాలు అడిగాడు. శిష్యుల డబ్బు సంచి ఇస్కరియోతు యూదా దగ్గర ఉండేదని యోహాను సువార్త చెబుతుంది. ఆ సంచి ఎవరిది? ఉమ్మడి ఆస్తికి అదే సాక్ష్యమని ఒక పక్షం అంది. బలహీనుల కోసం క్రీస్తు దిగివచ్చి చేసిన పని అది, పరిపూర్ణతకు నమూనా కాదని రెండో పక్షం అంది. ఒక చిన్న తోలుసంచి మీద వేల పేజీలు రాశారు. 1322 వేసవి మొదట్లో పెరూజియాలో కూడిన సభ సర్వసమావేశం, పోపు తీర్పుకు ఎదురుచూడకుండా, క్రీస్తు పేదరికం సత్యసిద్ధాంతమేనని లోకానికంతటికీ ప్రకటించింది.

పోపు జవాబు న్యాయవేత్త జవాబు. 1322 డిసెంబరు 8 నాటి 'ఆద్ కొందితోరెం కనోనుం' శాసనంతో సోదరుల ఆస్తుల మీద రోము పీఠానికి ఉన్న యాజమాన్యాన్ని వదిలేశాడు. సోదరులు తినే గుడ్డుకు, జున్ను ముక్కకు, రొట్టె ముక్కకు రోము యజమాని అని బుద్ధి ఉన్నవాడెవడు నమ్ముతాడని అడిగాడు. వాడితే ఖర్చయిపోయే వస్తువులో వాడుకను యాజమాన్యం నుంచి విడదీయడం కుదరదని రోమన్ న్యాయసూత్రాలతో చూపాడు. ఈ యాజమాన్యం పోపుకు ఏ లాభమూ ఇవ్వలేదు, సోదరులకు వస్తువుల మీది ధ్యాస తగ్గించలేదు. నూరేళ్లుగా ఒకరు వదిలితే మరొకరు పట్టుకున్న హక్కును పట్టుకున్నవాడు కూడా వదిలేశాడు. ఇక సోదరులు తమకు తెలియకుండానే యజమానులయ్యారు. సభ తరఫు న్యాయవాది బెర్గమో బొనగ్రాత్సియా పోపు ముఖం ముందే అప్పీలు చేసి ఖైదుపాలయ్యాడు. ఓట్స్ తినే గుర్రం ఆ గింజలకు యజమాని కాకుండానే తింటుందని అతని వాదం. పోపు శాసనాన్ని కొంత సవరించి, గుడులు, పూజాపాత్రల వంటివి మాత్రం రోము పేరనే ఉంచాడు. 1323 నవంబరు 12న 'కుం ఇంతెర్ నొన్నుల్లోస్' శాసనంలో, క్రీస్తుకూ అపొస్తలులకూ ఏమీ లేదని పట్టుబట్టి చెప్పడం మతద్రోహమని ప్రకటించాడు.

చెజేనా మికేలేను 1327లో అవిన్యోన్‌కు పిలిపించి అక్కడే ఉంచారు. ఆక్స్‌ఫర్డ్ తార్కికుడు ఒక్‌హామ్ విలియం తన బోధలపై విచారణ కోసం అప్పటికే అక్కడ ఉన్నాడు. మికేలే కోరిక మీద అతడు పోపు శాసనాలను శ్రద్ధగా చదివాడు. అవి మునుపటి పోపుల బోధకు విరుద్ధమన్న నిర్ణయానికి వచ్చాడు. 1328 మే 26 రాత్రి మికేలే, ఒక్‌హామ్, బొనగ్రాత్సియా తప్పించుకుని ఎగ్‌మోర్త్ రేవులో ఓడ ఎక్కారు. పోపుతో వైరంలో ఉన్న బవేరియా లూయీ చక్రవర్తి పీసాలో వారికి ఆశ్రయమిచ్చాడు. తర్వాత మ్యూనిక్‌లో స్థిరపడ్డారు. ఉంబెర్తో ఎకో నవల 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' ఈ పారిపోవడానికి ముందటి ఏడాది, 1327లో జరిగినట్టు రాసినది.

1329 నవంబరులో పోపు 'క్వియా వీర్ రెప్రొబుస్' అనే దీర్ఘ శాసనంలో మికేలేకు సమాధానమిచ్చాడు. హక్కు లేకుండా వాడడం అన్యాయమైన వాడకమే అవుతుందన్నాడు. కాబట్టి సోదరులు చెప్పేది నిజమైతే వారు తినే ప్రతి ముద్ద అన్యాయమే. ఆస్తి మానవ చట్టాలకంటే ముందే ఉంది; ఏదెను తోటలో హవ్వ పుట్టక ముందే ఆదాముకు దేవుడు యాజమాన్యం ఇచ్చాడు. కనుక ఆస్తి పాపఫలం కాదు, క్రీస్తుకు ఉండడంలో లోపం లేదు. ఈ వాదన తేలికైనది కాదు. దాన్ని ఖండించడానికి ఒక్‌హామ్ పోపు వాక్యాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతూ భారీ గ్రంథం రాశాడు. తొంభై రోజుల్లో రాశానన్నందుకు దానికి 'ఓపుస్ నొనగింతా దియేరుం' అన్న పేరు నిలిచింది.

ఒక్‌హామ్ చేసిన విభజన ఇది. ప్రకృతిలో దేవుడిచ్చినదానిని బతకడానికి వాడుకునే హక్కు మనుషులందరికీ ఉంది. మానవ చట్టం ఆస్తులను పంచి ఆ హక్కును కట్టిపెట్టింది. యజమాని అనుమతిస్తే ఆ కట్టు వీడుతుంది. సోదరుడు తింటున్నది ఆ అనుమతితో. కనుక అతని తిండి న్యాయమైనదే. అయినా అతనికి న్యాయస్థానంలో నిలిచే హక్కు లేదు. యజమాని అనుమతిని ఉపసంహరించుకుంటే సోదరుడు పళ్లెం వదిలి లేస్తాడు, దావా వేయడు. సోదరులు వదులుకున్నది దావా వేసే హక్కును. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ప్రకృతిసిద్ధమైన హక్కు ఎవరి అనుమతీ లేకుండానే మేలుకుంటుంది. ఆకలితో చస్తున్నవాడు రొట్టె తీసుకుంటే దొంగ కాడని పన్నెండో శతాబ్దం నుంచి సంఘ న్యాయవేత్తలు చెబుతూనే ఉన్నారు. థామస్ అక్వినాస్ కూడా అదే అన్నాడు. ఒక్‌హామ్ దాన్ని తన వాదానికి అడుగురాయి చేశాడు. ఎంత భక్తితో ప్రమాణం చేసినా ఎవరూ వదులుకోలేని హక్కు ఒకటుంది, అది బతికే హక్కు.

హక్కులన్నీ వదలాలని బయలుదేరినవారి వాదనలోంచే వదలరాని హక్కు అన్న ఆలోచన ఇంత స్పష్టంగా వచ్చింది. అందుకే మానవ హక్కుల భావన ఎక్కడ మొదలైందని వెతికిన ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకారులు ఈ వివాదం దగ్గర ఆగారు. ఫ్రెంచి న్యాయ తత్త్వవేత్త మిషెల్ విల్లే వ్యక్తిగత హక్కు అన్న భావనకు ఒక్‌హామే తండ్రి అన్నాడు, ఆ పరిణామాన్ని తప్పుపట్టాడు కూడా. బ్రయన్ టీర్నీ 1997లో ప్రచురించిన గ్రంథంలో ఆ మూలాలు పన్నెండో శతాబ్దపు సంఘ న్యాయవేత్తల దగ్గరే ఉన్నాయని చూపాడు. ఆధారాలు టీర్నీ వైపే ఎక్కువగా ఉన్నాయి. అయినా పాత న్యాయవాక్యాలను పూర్తి సిద్ధాంతంగా పరీక్షకు పెట్టింది ఫ్రాన్సిస్కన్ వివాదమే.

వివాదంలో పాల్గొన్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇరవై రెండవ జాన్ 1334లో, మికేలే 1342లో, ఒక్‌హామ్ 1347లో మరణించారు. మికేలే, ఒక్‌హామ్ ఇద్దరూ మ్యూనిక్‌లో, సంఘ బహిష్కృతులుగా ఉంటూ కన్నుమూశారు. సభలో అత్యధికులు పోపుకు లోబడి, వేరే నాయకుణ్ణి ఎన్నుకుని కొనసాగారు. ఆచరణలో పేదరికం మళ్లీ కొత్తగా మొదలైంది. 1368లో పావొలుచ్చో త్రించి అనే సోదరుడు, గురుత్వాభిషేకం లేనివాడు, బ్రుల్యానో కొండల్లోని చిన్న కుటీరంలో నియమావళిని ఉన్నదున్నట్టు పాటించడం మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ క్రీస్తు సంచి గురించి వాదించలేదు. ఆ ఉద్యమంలోంచి నియమపాలకులనే శాఖ పెరిగి, సియెనా బెర్నర్దీనో వంటి బోధకులను ఇచ్చింది. స్త్రీలలో కోర్బీ కొలెత్ పదిహేనో శతాబ్దపు తొలి సగంలో క్లారా నియమావళిని మళ్లీ అమలు చేస్తూ ఫ్రాన్సులోనూ పొరుగు ప్రాంతాల్లోనూ మఠాలు నెలకొల్పింది. 1517లో పదవ లియో పోపు నియమపాలకులను, సభలో మిగిలినవారైన మఠనివాసులను రెండు సభలుగా విడదీశాడు. 1528లో మరింత కఠినమైన కపూచిన్ శాఖకు ఆమోదం దొరికింది.

1563లో త్రెంత్ మహాసభ చివరి సమావేశంలో భిక్షుక సభల మఠాలు కూడా స్థిరాస్తులు ఉమ్మడిగా కలిగి ఉండవచ్చని తీర్మానించింది. రెండు సభలకు మాత్రం ఆ వెసులుబాటు వర్తించదని అదే తీర్మానంలో రాసింది. అవి నియమపాలకులు, కపూచిన్లు. వారు వాడే ఇళ్లు దాతల పేరునో రోము పీఠం పేరునో ఉండే పద్ధతి, డబ్బు వ్యవహారాలను సభకు వెలుపలి మనిషి చూసే పద్ధతి ఆ తర్వాత కూడా చాలాకాలం సాగాయి.